మిర్చి కల్లంలో ఆకాశం

మా అపార్ట్‌మెంటు వెనక కొత్త బిల్డింగు కోసం బండ పగలగొడుతున్నారు. మొన్న మధ్యాహ్నం వంటింట్లో కాఫీ కలుపుకుంటుంటే స్టాండులో గ్లాసులు గలగలమన్నాయి. నేను చెయ్యి ఆపేసి, తల కొంచెం పక్కకు వంచి ఎదురుచూశాను. అప్పుడు వచ్చింది చప్పుడు, ధడేల్మని.

"వచ్చేసింది!" అని అరిచాను.

హాల్లో హోంవర్కు చేసుకుంటున్న మా అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "ఏం వచ్చిందమ్మా?"

ఏమని చెప్పను? ముందు గ్లాసులు, వెనక చప్పుడు. ఆ వరస తెలిసినవాళ్లం లోకంలో కొద్దిమందిమే ఉన్నామని నాకు చిన్నప్పటి నుంచీ ఒక గర్వం. స్టవ్ కట్టేసి, పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టాను. కాఫీ చల్లారిపోయింది, పోనివ్వండి.

మా ఊరు, జూలూరుపాడు నుంచి కొత్తగూడెం వెళ్లే దారిలో, చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉంటుంది. ఒక పక్క మిర్చి, పత్తి. ఇంకో పక్క టేకు, తునికి, ఇప్ప. తాత కృష్ణా నది అవతలి నుంచి వచ్చి ఇక్కడ పొలం కొన్నాడు. వచ్చి ముప్పై ఏళ్లు దాటినా ఆయన మాట మాత్రం ఇటు మారలేదు. ఇక్కడే పుట్టిన బాబాయికి అంతా ఇక్కడి మాటే. ఒకే ఇంట్లో ఒకరు "ఏంట్రా" అంటే ఇంకొకరు "ఏంది నాయినా" అనేవారు. నాకు రెండూ వచ్చు. ఎవరి దగ్గర పని ఉంటే వాళ్ల మాట మాట్లాడేదాన్ని.

అడవికి ఆ పక్క బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్ట్ గని ఉండేది. మధ్యాహ్నం పూట సైరన్ మోగేది. అది వినగానే నానమ్మ పొయ్యి మీది పాలగిన్నె దించి పక్కన పెట్టేది. కాసేపటికి గూట్లో ఇత్తడి చెంబులు వాటంతటవే వణికేవి. అవి వణికాక చప్పుడు వచ్చేది. బాబాయి ఆ గనిలోనే షాట్‌ఫైరరు, పెళ్లయ్యాక పిన్నితో కాపురం గని క్వార్టర్‌లో. రాతికి రంధ్రాలు వేయించి, మందు కూరించి, అందర్నీ దూరం పంపి పేల్చడం ఆయన ఉద్యోగం. అందుకే ఏ పేలుడు వినబడినా నానమ్మ "మా చిన్నోడే" అని నవ్వుకునేది, పక్కగదిలో కొడుకు దగ్గితే అన్నట్టు.

"ముందు చెంబులు ఎందుకు మోగుతాయి బాబాయ్?" అని అడిగాను ఒకసారి.

"భూమి గట్టిది బిడ్డా, వణుకును జల్దీ తెస్తది. గాలికి అంత దమ్ము లేదు, నిదానంగ తెస్తది. ఒకటే పేలుడు, రెండు దార్లు," అన్నాడు.

ఆ మాట నా బుర్రలో అలాగే నాటుకుపోయింది. ఆ తర్వాత ఏది కనబడినా ఇది దేంట్లోంచి వచ్చింది అని అడగడం అలవాటైపోయింది. బావిలో రాయి వేస్తే అల నీళ్లలో వస్తుంది. కేక గాలిలో వస్తుంది. మరి ఎండ దేంట్లో వస్తుంది? నక్షత్రం వెలుగు? స్కూల్లో అడిగితే మా సారు "ఖాళీలోంచి వస్తుంది, కూర్చో" అన్నారు. కూర్చున్నాను గానీ నమ్మలేదు. ఖాళీ ఎలా తెస్తుంది?

నేను చెప్పబోయేది ఏడో తరగతి నాటి మిర్చి కాలం. రోడ్డు పక్క ఎత్తు మీద మా కల్లం ఉండేది. నేల అలికి, కోసిన కాయలన్నీ పరిచేవాళ్లం. మబ్బు పడితే పట్టాలు కప్పడం, ఎండ వస్తే తీయడం. ఇంట్లో అందరూ అక్కడే. అన్నం కూడా అక్కడికే వచ్చేది. నానమ్మ రోట్లో నూరిన పండుమిరప పచ్చడి, వేడన్నం, పైన నెయ్యి. కళ్లవెంట నీళ్లు కారుతున్నా చెయ్యి ఆగేది కాదు. ఎండ ఎక్కేకొద్దీ ఘాటు ముక్కుల్లోకి దూరి దారిన పోయేవాళ్లు కూడా తుమ్మేవారు. మా కల్లం దగ్గర గాలి అనేది ఒకటుందని ఎవరికీ పాఠం చెప్పనక్కర్లేదు. నేనైతే మంట దగ్గర ఎవరైనా కూర్చుంటే, చూడకుండా గుప్పెడు గింజలు నిప్పుల్లో వేసి పారిపోయేదాన్ని. వెనక దగ్గులు, తిట్లు. ఆహా!

రంగు పోయిన తాలుకాయలు ఏరడానికి అడవి లోపలి గూడెం నుంచి ఒక అవ్వ వచ్చేది. చేతులు ఏరుతుంటే నోరు కథలు చెప్పేది. పొద్దున్నే ఏరుకొచ్చిన ఇప్పపువ్వు ఆమె కొంగులో ఉండేది, ఆ తియ్యటి మత్తు వాసన మిర్చి ఘాటుకు కూడా లొంగేది కాదు. ఆమె, తాత ఈడువాళ్లు. ఆమె తాతను "ఓ దొడ్డయ్యా" అంటే, తాత ఆమెను "ఏమ్మా పెద్దమ్మా" అనేవాడు.

గొడవ శివరాత్రి నాడు మొదలైంది. తాత ఉపవాసం. ఉపవాసం ఉన్న మనిషితో వాదం పెట్టుకోకూడదని బాబాయికి అప్పటికి తెలీదు. తర్వాత బాగా తెలిసింది.

తాత నులక మంచం మీద ఉన్నాడు. ఆయన సాయంత్రానికని దాచుకున్న ఉడికిన గెణుసుగడ్డల్లో రెండు అప్పటికే నా పరికిణీ కుచ్చిళ్లలో ఉన్నాయి. బాబాయి డ్యూటీ దిగి నేరుగా వచ్చి, పేపరు విప్పి గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. విశ్వం ఎలా పుట్టిందో అందులో అర పేజీ వేశారు.

"విన్నరా నాయినా? మొత్తం విశ్వం మొదట్ల ఆవగింజ కన్న చిన్నగ ఉండెనంట. ఒక్కసారి ఢాం! గీ చుక్కలు, గీ సూర్యుడు, మనం, మీ మిర్చి, అంత గండ్లకెళ్లే! మా బ్లాస్టింగే! సృష్టి చేసినోడు షాట్‌ఫైరర్ నాయినా!" అని తొడ చరుచుకున్నాడు. ఉద్యోగంలో ప్రమోషన్ వచ్చినంత సంబరం.

"బాబాయ్, సైరన్ ఎవరు ఊదారు? అందరూ ఎక్కడ నిలబడ్డారు?" అన్నాను.

నిజంగానే అడిగాను. పేల్చేముందు అందరూ దూరం వెళ్లి నిలబడాలని ఆయనే కదా చెప్పేవాడు! బాబాయి నోరు తెరిచి, పేపరు మళ్లీ పైనుంచి కిందికి చూసి, "గది పేపర్ల రాయలే," అన్నాడు.

తాత చిన్నగా నవ్వాడు. "అడిగింది చూడు! చోటు లేకుండా నీ ఆవగింజ ఎక్కడ పెట్టార్రా? ముందు ఆకాశం. దాంట్లోంచి గాలి, గాలిలోంచి నిప్పు, నిప్పులోంచి నీళ్లు, నీళ్లలోంచి మట్టి. మా నాన్న నాకు చెప్పింది ఇదే."

"మా అవ్వ చెప్పింది వేరే ఉన్నది," అంది తాలుకాయలు ఏరుతున్న అవ్వ, తల ఎత్తకుండానే. "మొదలు అంత నీళ్లే. నీళ్ల కింద కెళ్లి ఎండ్రకాయ ఇంత మట్టి తెచ్చింది. గా మట్టి పరిస్తే భూమి అయింది. గందుకే మేము ఎండ్రకాయను చూస్తె తొక్కం."

నాకు మూడూ నచ్చేశాయి. ఎండ్రకాయ, అదే పీత, మరీ నచ్చింది. అక్కడితో ఆగి ఉంటే అందరం గెణుసుగడ్డలు తిని ఇంటికి పోయేవాళ్లం.

కానీ తాత ఆగలేదు. "ఆకాశం అంటే ఉత్త ఖాళీ కాదు, అదీ ఒక వస్తువే. శబ్దం దాని గుణం. నువ్విప్పుడు ఇంత గొంతు చేసుకుంటున్నావంటే ఆకాశం మోయబట్టే," అన్నాడు.

"మాటను మోసేది గాలి నాయినా! గాలి తీసేస్తే మాట లేదు, గీట లేదు. మీ ఆకాశం ఉత్త ఖాళీ జాగ. ఏం లేని దానికి రోజు పొద్దున్నే మొకమెత్తి దండం పెడుతున్నరు, ఖాళీ కంచానికి పెట్టినట్టు."

పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టని మనిషి ముందు కంచం మాట ఎత్తాడు. తాత లేచి నిలబడ్డాడు. పై పంచె దులుపుకుని, "ఇంత మాటన్నవాడి గడప నేను తొక్కను," అని చేలోకి వెళ్లిపోయాడు. మంచం మీద గెణుసుగడ్డలు అలాగే ఉండిపోయాయి. నేను కుచ్చిళ్లలోంచి నా రెండూ తీసి వాటి పక్కన పెట్టేశాను, తినబుద్ధి కాలేదు.

ఆ వారంలోనే కొత్తగూడెం దవాఖానాలో పిన్నికి ఆడపిల్ల పుట్టింది. తాత చూడ్డానికి వెళ్లాడు. "దవాఖానా వాడిల్లు కాదుగా," అని నానమ్మకు చెప్పి మరీ వెళ్లాడు. పాపను ఒళ్లో పెట్టుకుని మురిసిపోయాడు, పిన్నిని పలకరించాడు, తలుపు దగ్గర నిలబడ్డ బాబాయిని మాత్రం తలుపులో భాగమే అనుకున్నాడు.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. బిడ్డను ఉయ్యాల్లో వేసేరోజు, ఇంట్లో అందరికన్నా పెద్దవాడు బిడ్డ చెవిలో పేరు ఊదాలి. ఆ చెవి వినే మొదటి మాట అదేనని లెక్క. అంతకుముందు ఇంటినిండా ఎవరేం మాట్లాడుకున్నా సరే, అవి లెక్కలోకి రావు. నాన్నకూ బాబాయికీ తాత తండ్రి ఊదాడు. నాకు తాత ఊదాడు. ఉయ్యాల బాబాయి వాళ్ల క్వార్టర్‌లో కట్టాలి. తాతేమో ఆ గడప తొక్కనన్నాడు.

పిన్ని కళ్లు తుడుచుకుంటూ నాతో అంది: "మీ తాత రాకుంటే నా బిడ్డకు పేరు ఎవరు చెప్తరే? ఆయన నోటితోని చెప్తేనే ఉయ్యాల. లేకుంటే నాకు ఫంక్షన్ వద్దు, ఏమొద్దు." ఉత్త బాలింత బెదిరింపు అనుకున్నారు గానీ, మా పిన్ని సంగతి నాకు తెలుసు. వద్దంటే వద్దే.

నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఆకాశం గురించి ఇద్దరు పెద్దమనుషులు కొట్టుకుంటే పేరు లేకుండా పోయేది ఆ పిల్లా? దానికి ఇంకా ఆకాశమే సరిగ్గా కనబడదు!

ఇద్దరి మధ్యా తిరగడం మొదలుపెట్టాను. బాబాయి సాయంత్రాలు కల్లానికి వచ్చి పట్టాలు కప్పేవాడు, కానీ తాతతో మాట లేదు. ఇద్దరూ ఒక మంచానికి అటొకరు ఇటొకరు కూర్చుని, "పట్టా అంచున రాయి పెట్టమని మీ బాబాయికి చెప్పవే" అని ఒకరు, "పెట్టిన అని మీ తాతకు చెప్పు" అని ఇంకొకరు. మధ్యలో బోలెడు గాలి ఉంది, తాత ప్రకారం బోలెడు ఆకాశమూ ఉంది. అయినా ఆ మాట చేరాలంటే నేను కావాలి!

చివరికి విసుగొచ్చి అన్నాను: "గాలి తీసేసి చూస్తే తెలుస్తుంది కదా! చప్పుడు వస్తుందో రాదో."

తాత వెంటనే, "చూడమను. గాలి తీసేసినా శబ్దం ఉంటుంది. పోయిందా, నేనే నడిచి వాడింటికి వెళతాను. ఉందా, వాడు ఈ కల్లంలో, అందరి ముందూ తప్పయిందని నాకు దణ్ణం పెట్టాలి," అన్నాడు.

"ఒప్పుకున్న అని మీ తాతకు చెప్పు," అన్నాడు బాబాయి మంచం అటు వైపు నుంచి.

ఇక చూడండి మా హడావుడి! మిర్చి ఆరబెట్టుకునే మనుషులం, గాలి లేని చోటు తయారుచేయడానికి దిగాం. రోడ్డు మీది కొట్టులో పిప్పరమెంటు బిళ్లలు పోసుకునే పాతకాలపు మందపాటి గాజు సీసా ఒకటి అడిగి తెచ్చాను. దానికి బాబాయి టేకు చెక్కతో మూత చేశాడు. సైకిల్ పంపు విప్పి, లోపలి తోలు వాచర్ తిరగేసి బిగించాడు. "నెట్టే పంపు గిప్పుడు గుంజుతది," అన్నాడు. పాత ట్యూబు వాల్వును మూతకు తలకిందులుగా బిగించాడు, పోయిన గాలి మళ్లీ లోపలికి రాకుండా. సందులు పూడ్చడానికి అవ్వ తేనెపట్టు మైనం ముద్ద తెచ్చి ఇచ్చింది. దాన్ని కరిగిస్తుంటే కల్లమంతా తేనె వాసన. మిర్చి ఘాటు, ఇప్పపువ్వు, తేనె మైనం, మూడూ కలిసిన ఆ వాసన ఇప్పుడు ఎక్కడైనా సీసాలో పట్టి అమ్మితే నా నగలిచ్చి కొంటాను.

లోపల మోగడానికి ఏం పెట్టాలి? మువ్వ పెడితే ఊపేదెవరు? అప్పుడు బాబాయి జేబులోంచి తన సెల్‌ఫోను తీశాడు. మా ఇళ్లలో అదే మొదటిది. పచ్చటి వెలుగు తెర, మీద నల్లటి అంకెలు. ఊళ్లో ఎక్కడా సిగ్నల్ ఉండేది కాదు గానీ, ఎత్తు మీద ఉన్న మా కల్లంలో వచ్చేది. సెల్లులో ఎవరైనా మాట్లాడాలంటే బాబాయి కోసం కల్లానికి రావాల్సిందే.

ఆదివారం మధ్యాహ్నం అందరూ చేరారు. బాబాయి దాన్ని నిజంగా బ్లాస్టింగ్ లాగే చేశాడు. ఎర్ర తువ్వాలు కర్రకు కట్టి పాతాడు, విజిల్ వేశాడు, సీసా పగులుతుందేమోనని అందర్నీ దూరం పంపాడు. నానమ్మ చెవుల్లో కొంగు కుక్కుకుంది. సీసాను మంచం మీద నిలబెట్టి, ఫోను దాని అడుగున పెట్టి, మూత బిగించి, మైనం పూసి, చొక్కా విప్పేసి పంపు కొట్టాడు. చెమటలు కారేదాకా కొట్టాడు. చివరికి పంపు పిడి గుంజడానికి రెండు చేతులు సరిపోలేదు. కొట్టతనికి ముందే చెప్పి ఉంచారు, చెయ్యి ఊపగానే తన కొట్టు ముందున్న కాయిన్ బాక్స్ నుంచి ఫోన్ చేశాడు.

ర్ర్ర్... ర్ర్ర్... ర్ర్ర్...

వినబడింది! అందరికీ శుభ్రంగా వినబడింది. సీసా, దాని కింది మంచం కోళ్లు కూడా బుర్రుమన్నాయి. తాత ముఖం వెలిగిపోయింది.

"గాలి లేదు, శబ్దం ఉంది. ఏమమ్మడూ, మీ బాబాయిని దణ్ణానికి రమ్మను!"

బాబాయి ముఖం మిర్చి రంగుకు తిరిగింది. "ఏడ్నో గాలి ఉన్నది లోపల అని చెప్పు. ఇది లెక్కల తీసుకోను," అని ఫోను జేబులో వేసుకుని, తువ్వాలు పీకేసి, బండెక్కి వెళ్లిపోయాడు. దణ్ణమూ లేదు, ఉయ్యాలా లేదు. ఉయ్యాలకు ఇంకో వారమే ఉంది.

నాకు నిద్ర పట్టలేదని చెప్పను, బాగానే పట్టింది. కానీ మర్నాడు మధ్యాహ్నం బడి నుంచి వచ్చి అన్నం తింటుంటే సైరన్ మోగింది. నానమ్మ పాలగిన్నె దించింది. గూట్లో చెంబులు వణికాయి. ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది.

చెంబులకు ఏం గాలి తగిలింది? ఏమీ లేదు! వణుకు నేలలోంచి వచ్చింది, గోడెక్కింది, గూడెక్కింది. మరి మా ఫోను సీసా అడుగున కూర్చుని వణికింది కదా! దాని వణుకు గాజులోకి దిగింది, గాజులోంచి మంచంలోకి, మంచంలోంచి బయటి గాలికి. లోపలి గాలితో దానికి పనేముంది? ఒకటే పేలుడు, రెండు దార్లు! మేం ఒక దారి మూశాం, రెండోది మర్చిపోయాం. షాట్‌ఫైరర్ ఇంటి వాళ్లం అయ్యుండి!

ఎంగిలిచేత్తోనే కల్లానికి పరుగు తీశాను. "అవ్వా, బూరుగు దూది కావాలి, మెత్తటిది, చాలా కావాలి!" అని అరిచాను. ఆమె ఎందుకని కూడా అడగలేదు, "ఎంత?" అంది. మర్నాటికి బూరుగు కాయలు పగలగొట్టి సంచీ నిండా దూది తెచ్చింది. తాతకు సంగతి చెప్పాను. ఆయన మీసం మీద చెయ్యేసుకుని చాలాసేపు ఆలోచించాడు. గెలిచిన పందెం మళ్లీ ఎవరైనా ఆడతారా? కానీ మా తాత, "నిజమే కదే, చెంబులు మోగుతాయి కదా," అన్నాడు. "రమ్మను, మళ్లీ చూద్దాం." ఆ మాటకు ఆయన్ని అక్కడికక్కడే కౌగిలించుకోవాలనిపించింది. కౌగిలించుకున్నాను కూడా, ఒళ్లంతా మిర్చి దుమ్ము.

బాబాయి మాత్రం ఎదురుపడనన్నాడు. సీసా బిగించి, పంపు కొట్టి, "రోడ్డు మీద కాయిన్ బాక్స్ కెళ్లి నేనే చేస్త. ఆయన మొకం ముంగట ఇంకోసారి నిలబడను అని చెప్పు," అని వెళ్లిపోయాడు. మేం ముగ్గురమే మిగిలాం. తాత, అవ్వ, నేను. సీసాలో దూది గూడు, గూట్లో ఫోను, అచ్చం ఉయ్యాల్లో పాప లాగా.

కూర్చున్నాం. కాకులు అరుస్తున్నాయి. రోడ్డు మీద లారీ పోయింది. ఫోను చీకటిగా ఉంది.

ఉన్నట్టుండి దాని తెర పచ్చగా వెలిగింది.

చప్పుడు లేదు. నేను ముక్కు గాజుకు ఆనించాను. తెర వెలుగుతోంది, అంకెలు మెరుస్తున్నాయి, ఫోను దూదిలో గిలగిలా కదులుతోంది, కానీ మోత మాత్రం దూరంగా ఎక్కడో దోమ తిరుగుతున్నంత. "లేదు తాతా! చప్పుడు లేదు! పోయింది!" అని గంతులేశాను. పాపకు పేరు వచ్చేసింది!

తాత గంతులు చూడటం లేదు. సీసా వంకే చూస్తున్నాడు. ఓడిపోయిన మనిషి ముఖం కాదది. కళ్లు పెద్దవి చేసుకుని, నా ఈడు పిల్లాడిలా చూస్తున్నాడు.

"గాలి లేదు లోపల," అన్నాడు నెమ్మదిగా.

"లేదు తాతా!"

"గాలి లేకుండా వీడి పిలుపు లోపలికెలా వెళ్లిందే? రోడ్డు మీద నొక్కితే ఇక్కడ వెలిగింది. దేంట్లోంచి వెళ్లింది?"

గంతులు ఆపి సీసా దగ్గరికి వచ్చాను. ఎండ, నక్షత్రం, ఫోను. నేను సారును అడిగిందీ అదే కదా!

"వాడు పిలుస్తున్నాడే," అన్నాడు తాత ఒక్కసారిగా. "పాపం, ఎంతసేపట్నుంచో పిలుస్తున్నాడు. తియ్యవే మూత!"

అవ్వ చాకుతో మైనం చెక్కింది. నేను వాల్వు పీకాను. సుయ్యిమని గాలి లోపలికి దూకింది. దాంతోపాటే దోమ కాస్తా తేనెటీగైంది, తేనెటీగ కాస్తా ట్రింగ్ ట్రింగ్ అని కల్లమంతా మోగింది. అవ్వ చప్పట్లు కొట్టింది. తాత ఫోను తీసి, ఎటు పెట్టుకోవాలో తెలియక తలకిందులుగా చెవికి ఆనించుకుని, దాని అవసరమే లేనంత గట్టిగా అరిచాడు:

"ఒరేయ్! వినబడుతోందిరా!"

శివరాత్రి తర్వాత కొడుకుతో ఆయన అన్న మొదటి మాట అది. అటు నుంచి బాబాయి ఏమన్నాడో తెలీదు. కానీ కాసేపటికి రిసీవరు అక్కడే వదిలేసి రోడ్డు మీద నుంచి పరుగెత్తుకొస్తూ కనబడ్డాడు, చెప్పులు చేత్తో పట్టుకుని. "ఆగిందా? మోత ఆగిందా?" అని అరుస్తూ వచ్చాడు. తను గెలిచిన పందెం తను చూడనేలేదు పాపం. "పూర్తిగా పోలేదులేరా, దోమంత ఉంది," అన్నాడు తాత. "పంపుతోని అంతే వస్తది నాయినా, మొత్తం గాలి తీసుడు మనతోని కాదు," అన్నాడు బాబాయి. నేను మధ్యలో నిలబడి, చెప్పడానికి నాకేమైనా మిగులుతుందేమోనని చూశాను. ఏమీ మిగల్లేదు. ఇద్దరూ నేరుగా ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు, ఎంత హాయిగా ఉందో!

ఉయ్యాల రోజు తాత కొత్త పంచె కట్టుకుని క్వార్టర్ గడప దాటాడు. కుడికాలు ముందు పెట్టి, మమ్మల్నందర్నీ ఒకసారి చూసి మరీ దాటాడు. పిన్ని ఏడుస్తూ నవ్వింది. తాత వంగి, పాప చెవి దగ్గర చెయ్యి అడ్డుపెట్టి పేరు ఊదాడు. తర్వాత తల ఎత్తకుండానే, "ఈ మాటను మోసింది గాలే. ఒప్పుకున్నాను," అన్నాడు.

బాబాయి తువ్వాలు నలుపుకుంటూ ఆయన పక్కన కూర్చున్నాడు. "నేను గూడ ఒకటి చెప్పాలె నాయినా. బిడ్డ అడిగింది గద, పేలుడప్పుడు అందరు ఏడ నిలబడ్డరని? మా గనిల ఇంజనీర్ సార్‌ను అడిగిన. గది మా బ్లాస్టింగ్ లెక్క కాదంట. జాగల పేలుడు కాదంట, జాగే ఉబ్బిందంట. ఇప్పటికి ఉబ్బుతనే ఉన్నదంట. బయట నిలబడనీకి బయటనేదే లేదంట."

తాత గబుక్కున తల ఎత్తాడు. "ఏంట్రా? చోటే ఉబ్బిందా?"

"అవ్."

"ఏమీ లేనిది ఎలా ఉబ్బుతుందిరా?"

తాత నవ్వాడు చూడండి, క్వార్టర్ కప్పు ఎగిరేలా నవ్వాడు. బాబాయీ నవ్వాడు. అంతలో సైరన్ మోగింది. ఉయ్యాల గొలుసులు సన్నగా గలగలమన్నాయి, ఆ తర్వాత చప్పుడు వచ్చింది, పాప ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. ముందు గొలుసులు, వెనక చప్పుడు. దానికి మా ఇంటి చదువు ఆ రోజే మొదలైంది.

తర్వాత కాలేజీలో మాకు చెప్పారు, వెలుగును మోయడానికి వేరే ఏ వస్తువూ అక్కర్లేదని. ఒకప్పుడు పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కూడా తాతలాగే, ఏదో ఒకటి ఉండి తీరాలని వెతికి వెతికి, దొరక్క వదిలేశారట. తాతకు తోడు అంత గొప్పవాళ్లున్నారని తెలిసి సంతోషమేసింది. అప్పటికి చెబుదామంటే తాత లేడు.

ఇదంతా విన్నాక మా అమ్మాయి చాలా మామూలుగా అంది: "అమ్మా, చోటు కూడా వణుకుతుంది తెలుసా? ఎక్కడో రెండు బ్లాక్ హోల్స్ గుద్దుకుంటే చోటే సాగి, ముడుచుకుని అల వచ్చిందంట. ఇక్కడ కొలిచారు. మా టీచర్ వీడియో చూపించింది."

ఆ వార్త నేనూ ఎప్పుడో చదివాను. కానీ మా చెంబుల పక్కన పెట్టి చూసుకోలేదు. ఫోను తీసి బాబాయికి చేశాను. ఇప్పుడాయన రిటైరయ్యాడు, చెవులు కొంచెం మందం, పేలుళ్ల పుణ్యమా అని. అంతా అరిచి చెప్పాను.

"వణుకుతదా? జాగ వణుకుతదా?" అన్నాడు.

"వణుకుతుంది బాబాయ్! గాలి కాదు, నేల కాదు, చోటే!"

పొద్దున్నే పైకి మొకమెత్తి దణ్ణం పెట్టుకునే మనిషి ఆయనకూ కనబడుతున్నాడని నాకు తెలుసు. తర్వాత, మంచానికి అటు వైపు కూర్చున్నప్పటి ఆ గొంతుతోనే అన్నాడు:

"మీ తాతకు చెప్పు."

"ఎలా చెప్పను బాబాయ్?"

"గాలి లేకున్నా పోతదని మనమే చూసినం గద పిల్లా. నువ్వు చెప్పు."

బాల్కనీలోకి వెళ్లి, పైకి చూసి చెప్పాను. గట్టిగానే చెప్పాను. పక్క ఫ్లాటావిడ తలుపు తీసి తొంగిచూసింది. చూడనీ.